ఇంటి కోడలు, ఊరి సర్పంచ్

మా తమ్ముని కూతురు తన మెట్టినూరిలో సర్పంచ్ పదవికి నిలుచుచున్నది. ఆ స్థానము ఈ పర్యాయము స్త్రీలకు కేటాయింపబడినదని తెలిసిన మరునాడే ఆ యింటి పెద్దలు కూర్చుండి, ఆమె చదువుకొన్నదనియు, పొదుపు సంఘములో ఏండ్ల తరబడి లెక్కలు వ్రాసినదనియు, ఊరిలో ఎవరితోను మాటపట్టింపు లేనిదనియు చెప్పుకొని, ఆమెనే అభ్యర్థినిగా నిర్ణయించిరి. ఆ వార్త విని నేను మిక్కిలి సంతోషించితిని. కాని, ఖర్చు మాట వచ్చినప్పుడు ఎకరము పొలము అమ్ముదుమా, తాకట్టు పెట్టుదుమా అని మగవారు తర్కించుకొనుచుండగా ఆమె వంటయింటి గడపకావల నిలిచి వినుచుండెననియు, ఆమె నెవ్వరును ఒక్క ప్రశ్నయైనను అడుగలేదనియు తెలిసినప్పటినుండి నా మనస్సు కలతపడుచున్నది.

ఇంటిలో ఒకరు ఎన్నికకు నిలుచుట యనగా ఇల్లంతయు నిలుచుటయే యని మన పల్లెలలో తలంతురు. కొంతవరకు అది నిజమే. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు. ఉంగరమో, కత్తెరయో, బంతియో ఏదో ఒక గుర్తు చేతికి వచ్చును. ఆ గుర్తు వెనుక ఓటరు చూచునది అభ్యర్థి ముఖమును, ఆమె మామగారి మాటతీరును, ఆమె మరిది ఏనాడో ఎవరితోనో గట్టు తగవు పెట్టుకొన్న జ్ఞాపకమును. కనుక బంధువులు ఇంటింటికి తిరిగి, బావా, వదినా, పిన్నీ యని వరుసలు కలుపుకొని ఓట్లడుగుట తప్పుగాదు. ఎన్నికకు పెట్టిన ధనమును, పడిన శ్రమను ఊరు తీర్పవలసిన ఋణముగా ఇంటివారు భావించునప్పుడే తప్పు మొదలగును.

ఈ ఋణమును కొంత లెక్కవేసి చూడవలెను. తెలంగాణమున అయిదువేల జనాభా వరకు గల గ్రామములలో సర్పంచ్ అభ్యర్థి 1,50,000 రూపాయలకు మించి వ్యయము చేయరాదు. అంతకు పెద్ద గ్రామములలో పరిమితి 2,50,000. ఫలితము వెలువడిన 45 దినములలో ఆ లెక్కలు అధికారులకు అప్పగింపవలెను. ఇక సర్పంచ్‌కు నెలకు లభించు గౌరవవేతనము 6,500 రూపాయలు, అయిదేండ్లకు 3,90,000. ఎకరము పొలము అమ్మి ఎన్నికలో పోసిన కుటుంబము ఆ వెలను మరల రాబట్టుకొనదలచినచో మురుగుకాలువ పనియో, సిమెంటు రోడ్డు పనియో, వీధిదీపముల కొనుగోలో తప్ప వేరు దారి యేది? పొలము అమ్మిన దినముననే ఆమె చేతులు కట్టివేయబడినవి. చెక్కుమీద సంతకము ఆమెది. తనిఖీలో తేడా వచ్చినచో నోటీసు వచ్చునది ఆమె పేరిట. కలెక్టరు తొలగింపు ఉత్తరువు వ్రాయునది ఆమెపైననే గాని, బేరము కుదిర్చిన మరిదిపైన కాదు.

ఇంతకంటెను నన్ను బాధించునది కుర్చీ సంగతి. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పంచాయతీలలో మూడవ వంతునకు తక్కువగాకుండ స్థానములను స్త్రీలకు కేటాయించినది. తెలుగు రాష్ట్రములు రెండును దానిని సగమునకు పెంచినవి. ఇన్నేండ్లు గడచినను, స్త్రీ గెలిచిన ఊరిలో జనులు సర్పంచ్ అని పిలుచునది తరచుగా ఆమె భర్తనే. గ్రామసభలో లేచి మాటలాడునదియు, మండల కార్యాలయమునకు పోవునదియు నాతడే. అతడు చెడ్డవాడు కానక్కరలేదు. భార్యకు శ్రమ తగ్గించుచున్నానని నిజముగా నమ్మువారు చాలమంది. కాని ఓటు పొందనివాడు ఊరికి జవాబుదారి కాడు. పదవి లేనివానిని ఏ చట్టమును పదవినుండి తొలగింపజాలదు. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నియమించిన సంఘము ఇట్టివారికి కఠినమైన దండనలు ఉండవలెనని 2025లో సూచించినది. మంచిదే, అయినను చట్టము ఒక యింటి గడప దాటి లోనికి పోవునాటికి ఆమె పదవీకాలమే ముగిసిపోవును.

ఆమె భర్తయైన మా అల్లుడు నాతో, "మామయ్యా, ఆమెకు ఆఫీసు వ్యవహారము తెలియదు గదా" అన్నాడు. తెలియనిది నేర్పుటకే గదా ఎన్నికైనవారికి శిక్షణ తరగతులు పెట్టుచున్నారు, తీర్మానముల పుస్తకము ఆమెయే చదివి సంతకము చేయవలెను, పంచాయతీ కార్యదర్శితో ఆమెయే మాటలాడవలెను, మొదటి నెలలలో ఆమె తడబడినను నీవు నడుమ అందుకొనరాదు అని చెప్పితిని. నీవు చేయవలసిన సాయము వేరుగా నున్నది: రెండు నెలలకొకసారి గ్రామసభ జరుగు దినమున పిల్లల సంగతి నీవు చూచుకొనుము, మండల సభనుండి ఆమె పొద్దుపోయి వచ్చిన నాడు వంట నీవు చేయుము, మన యింటి పన్ను బకాయి యున్నచో ఊరిలో అందరికంటె ముందు చెల్లింపుము, ఇందిరమ్మ ఇండ్ల జాబితాలో మనవారి పేరు చేర్పుమని ఆమె నడుగవచ్చినవాడు నీ తోడబుట్టినవాడైనను, ఆమెకంటె ముందు నీవే కాదనుము. అతడు చాలసేపు మౌనముగా నుండి, పొలము మాట తండ్రితో మరల మాటలాడెదనన్నాడు. ఆ మాత్రమునకే నాకు కొండంత ఊరట కలిగినది.

తెలంగాణమున 12,700కు పైగా గ్రామపంచాయతీలున్నవి; వానిలో దాదాపు సగము సర్పంచ్ స్థానములు స్త్రీలవి. అన్ని వేల యిండ్లలోను ఈ చర్చ జరుగవలెను, అదియు నామినేషను వేయుటకు ముందే జరుగవలెను. ఓటర్లకును నా మనవి ఒకటి యున్నది. ఇంటివారు వెనుకకు తగ్గినను, ఊరివారే భర్తను వెదకికొని పోయి దండము పెట్టుచున్నంతకాలము ఆ స్త్రీకి అధికారము దక్కదు. మీ వీధిలో నీరు రాకున్నను, దీపము వెలుగకున్నను, పంచాయతీ కార్యాలయమునకు పోయి, మీరు ఓటు వేసిన ఆ సర్పంచ్‌నే అడుగుడు.