పట్టు సడలేది అణువుల స్థాయిలోనే

గోదాముల్లో ఫోర్క్‌లిఫ్ట్ చక్రం బరువు మోస్తూ తిరిగేకొద్దీ లోలోపలే వేడెక్కుతుంది. కొన్నాళ్లకు పాలియురెథేన్ తొడుగు ఇనుప హబ్ నుంచి ఊడిరావచ్చు. నిందేమో ఎండ మీదకో, డ్రైవర్ మీదకో పోతుంది. 1937లో జర్మనీలో ఒట్టో బేయర్ బృందం బాట వేసిన ఈ పాలియురెథేన్‌లో మెత్తని గొలుసులు సాగుతాయి. గట్టి ముక్కలు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఆకారాన్ని నిలుపుతాయి. వేడికి సడలేది ఆ పట్టే. గట్టి ముక్కలు సౌష్ఠవంగా ఉంటే దగ్గరగా ఒదిగి, ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి. అలాంటి సౌష్ఠవమున్న నాఫ్తలీన్ డైఐసోసైనేట్ (ఎన్‌డీఐ)తో చేసిన చక్రాలు టొలుయీన్ డైఐసోసైనేట్ (టీడీఐ) రకం కంటే మేలనేది అందుకే. ధరా ఎక్కువే లెండి! మనవాళ్లు చాలామంది పదార్థం ఎంత గట్టిదో చెప్పే షోర్ కొలత అంకె చూసి సరిపెట్టుకుంటారు. ఆ అంకె ఒకటే అయినా రెండు చక్రాలు వేడిలో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. కొనేవాళ్లు రసాయన రకాన్నీ, ఉష్ణ పరిమితినీ రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి.