కాళహస్తి తెగులును, వేపపిండియును

నాయుడుపేట చుట్టుపట్ల, స్వర్ణముఖి యొడ్డున, ఇసుకనేలలలో వేరుసెనగ వేయు రైతునకు కాళహస్తి తెగులను మాట క్రొత్తది గాదు. 1975-76 ప్రాంతమున శ్రీకాళహస్తి సీమలో తొలుత కనబడి, ఆ యూరిపేరనే వ్యవహృతమగుచున్న యీ తెగులునకు బూజుగాని వైరసుగాని కారణము కాదు. కంటికానని నులిపురుగు కారణము. తెగులు సోకిన మొక్క గిడసబారినను, దాని యాకు తక్కిన మొక్కల యాకుకంటె మిక్కిలి పచ్చగా నుండుటచే రైతు మోసపోవును. పెరికి చూచినప్పుడు గదా, ఊడలమీదను కాయలమీదను గోధుమవన్నె మచ్చలును, కాయ చిన్నదై పెంకు నల్లబారుటయు తెలియవచ్చును!

నులిపురుగుల కింతకాలము విరుగుడుగా నేలలో చల్లినవి విషపు గుళికలు. వానిలో ఫోరేటును 2020 డిసెంబరు 31 నుండి ప్రభుత్వము నిషేధించినది. అది న్యాయమే, కాని గుళిక తొలగిన చోట నేమి నిలుపవలెనో రైతునకు చెప్పువారు చాలరు.

చెప్పవలసినది వృక్షజాతియందే యున్నది. కదలలేని మొక్క తన వేళ్ళను తానే కాచుకొనవలసినదగుటచే, ప్రకృతి దానికి రసాయనములనే ఆయుధములుగా నొసగినది. బంతి వేళ్ళలోని ఆల్ఫా టెర్థయినైలు నులిపురుగులను చంపునని 1958లో హాలండు శాస్త్రజ్ఞులు నిరూపించిరి. వేపగింజలో అజాడిరాక్టినును, కానుగలో కరంజినును కలవు. వేపపిండి దుక్కిలో కలిసి కుళ్ళునప్పుడు వెలువడు అమోనియా సైతము ఈ పురుగులకు ప్రతికూలమే. అట్లని ప్రకృతిసిద్ధమైనదెల్ల మేలని భ్రమింపరాదు. ఆముదపు గింజలోని రిసిను ప్రకృతిసిద్ధమే గదా, ప్రాణాంతకము గూడను. అజాడిరాక్టినునకు ఎండ పొడ గిట్టదు. కావున చల్లిన పిండిని పైపైన వదలక, విత్తుటకు ముందే నేలలో కలియదున్నవలెను. ఏండ్ల తరబడి గోదాములో మ్రగ్గిన పిండియు, ఊకయు మన్నును కలిపిన పిండియు చల్లి, వేపయే పనికిరాదని నిందించుట వేపకు చేసిన అన్యాయము.

కావున నా మనవి యిది. ఈ తెగులును తట్టుకొను తిరుపతి-3 రకమును మనకొసగినది తిరుపతి పరిశోధనస్థానమే. ఏ నేలకు, ఏ మోతాదులో, ఏ పిండి పనిచేయునో మన యిసుకనేలలలోనే పరీక్షించి, ఆ ఫలితములను సులభమైన తెలుగున రైతునకు అందజేయవలసిన భారమును అదియే వహింపవలెను. రైతు సేవాకేంద్రములలో అమ్ము ప్రతి పిండిబస్తామీదను నూనెపాలును, తయారైన తేదీయును ముద్రింపవలెను. భూసారపరీక్షకై రైతు తెచ్చిన మట్టిలో నత్రజని, భాస్వరము, పొటాషులతోబాటు నులిపురుగుల లెక్కయు తేల్చి, విత్తనములు కొనకముందే ఆ చీటీ ఆతని చేతి కందునట్లు చేయవలెను.