ఆ చెరలో శకుని ఒక్కడే లేడు

దుర్మార్గుడి పుట్టుక చెప్పడం దుర్మార్గాన్ని వెనకేసుకురావడం కాదు. ఇంత తేలికైన సంగతిని ఇన్నిసార్లు చెప్పుకోవలసి రావడమే విసుగు పుట్టిస్తోంది. ‘హంగర్ గేమ్స్’ రచయిత్రి సుజాన్ కాలిన్స్ రాసిన ‘ద బలాడ్ ఆఫ్ సాంగ్‌బర్డ్స్ అండ్ స్నేక్స్’ 2020 మే నెలలో వచ్చింది. 2023 నవంబరులో సినిమాగానూ వచ్చింది. అయినా ఆ నవల ప్రస్తావన వస్తే మన పాఠకుల నోట ఇప్పటికీ రెండే తీర్పులు. రెండూ తప్పే.

మొదటి తీర్పు: ఏటా 24 మంది పిల్లల్ని బరిలోకి తోసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకొమ్మనే ఆటను దశాబ్దాలపాటు నడిపించిన అధ్యక్షుడు స్నో. అలాంటివాడి పేదరికం, తొలి ప్రేమ మనకెందుకు? అతని మీద జాలి పుట్టించడమే నేరం. రెండో తీర్పు దీనికి పూర్తిగా తలకిందులు: పాపం, అతని తప్పేముంది? యుద్ధం, ఆకలి, అవమానం కలిసి అతణ్ని అలా చేశాయి. ఈ గొడవ మనకే పరిమితం కాదు. కథానాయకుడు స్నో అని 2020 జనవరిలో బయటపడగానే, పుస్తకం చేతికి రాకముందే, అమెరికాలో ఎందరో అభిమానులు మండిపడ్డారు. వాళ్లను పక్కన పెడదాం. భారతం వింటూ పెరిగిన మనం కూడా అదే వాదనను అరువు తెచ్చుకోవడమే నా బాధ.

ఎందుకంటే ఈ వాదనకు జవాబు మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఎవరూ తలవడం లేదంతే. 1966లో వచ్చిన ఎన్.టి. రామారావు ‘శ్రీకృష్ణ పాండవీయం’లో శకుని కథ గుర్తు తెచ్చుకోండి. గాంధార రాజు కుటుంబాన్ని దుర్యోధనుడు చెరలో వేయిస్తాడు. ప్రాణం నిలవడానికి చాలని మెతుకులు విదిలిస్తాడు. అందరూ చచ్చేకంటే ఒక్కడైనా బతకాలని, మిగిలినవాళ్లు తమ మెతుకులు ఆ ఒక్కడికే పెట్టి కన్నుమూస్తారు. ఆ ఒక్కడే శకుని. తండ్రి ఎముకలే అతని చేతిలో పాచికలవుతాయి. ప్రతినాయకుడి పుట్టుక కథ ఇంతకంటే నిండుగా ఎక్కడైనా ఉందా? పైగా వ్యాసుడి భారతంలో ఇది లేదు. జనం కల్పించుకున్న కథ ఇది. కురువంశం మొత్తాన్ని కూల్చిన మనిషి ఎక్కణ్నుంచి వచ్చాడో తెలియకపోతే వాళ్లకు తోచలేదు. తామే వెతుక్కుని, తామే చెప్పుకున్నారు.

ఆ చెర కథ విన్నాక తెలుగువాళ్లు శకుని పక్షం చేరారా? ఆ సినిమా వచ్చి దాదాపు 60 ఏళ్లయింది. ఏ తల్లి అయినా కొడుక్కి శకుని అని పేరు పెట్టడం విన్నారా? 1977లో ‘దానవీరశూరకర్ణ’లో శకుని పాత్ర మళ్లీ నటుడు ధూళిపాళ గారిదే. అందులో దుర్యోధనుడికి ఏకంగా యుగళగీతమే దక్కింది. దుర్యోధనుడు, కర్ణుడు, కృష్ణుడు ముగ్గురూ ఒక్క రామారావే అయినా, ఎవరు చేసింది ధర్మమో ప్రేక్షకుడికి సందేహం రాలేదు. మా ఉపమాక వైపు ఊళ్లలో రాత్రంతా కూర్చుని పద్యనాటకం చూసే పెద్దలు దుర్యోధనుడి పద్యానికి వన్స్‌మోర్ కొడతారు. తెల్లవారితే వెంకన్న కొండకు దండం పెట్టుకుని పనుల్లోకి పోతారు. ఒక మనిషి గోడు వినడం వేరు, అతను చేసినదానికి తలూపడం వేరని వాళ్లకు ఏ విమర్శకుడూ నేర్పలేదు. జాలి పుడితే పాఠకుడు దారి తప్పుతాడని భయపడేవాళ్లు ఆ చెర కథకు ముందు జవాబు చెప్పాలి.

రెండో తీర్పు చెప్పేవాళ్లకూ అదే చెర కథ అడ్డం నిలుస్తుంది. ఆకలే శకునిని అలా చేసిందంటారు కదా. ఆ చెరలో శకుని ఒక్కడే లేడు. అదే చీకటి, అదే అవమానం, అంతకంటే ఎక్కువ ఆకలి అనుభవించిన తండ్రి, అన్నదమ్ములు పక్కనే ఉన్నారు. వాళ్లు తమ నోటి మెతుకు ఇంకొకరికి పెట్టారు. నిజమే, వాళ్లలోనూ పగ ఉంది. కానీ పగ కోసమైనా వాళ్లు ఇచ్చింది తమ ప్రాణం. బయటికొచ్చిన శకుని పాచికల మీద పెట్టించింది పరాయివాళ్ల బతుకులు. తన మేనల్లుళ్లనే కాదు, తనకు ఏ అపకారమూ చేయని పాండవులనూ ద్రౌపదినీ జూదానికి బలిపెట్టాడు. ఒకే ఆకలి ఒకచోట త్యాగమైంది, ఇంకోచోట విధ్వంసమైంది. ఆ రెండింటి మధ్య ఉన్నది పరిస్థితి కాదు, మనిషి నిర్ణయం.

కాలిన్స్ నవల చేసిందీ సరిగ్గా ఇదే. ‘హంగర్ గేమ్స్’ కథకు 64 ఏళ్ల ముందు, 18 ఏళ్ల కొరియొలానస్ స్నో చితికిపోయిన గొప్పింటి పిల్లాడు. క్యాబేజీ చారుతో కడుపు నింపుకుని, పేదరికం బయటపడకుండా చొక్కా సర్దుకుని బడికి పోతాడు. యుద్ధం రోజుల్లో ముట్టడిలో చిక్కిన తన నగరంలో, చనిపోయిన పనిమనిషి కాలును పొరుగింటి పెద్దమనిషి కోసుకుపోవడం కళ్లారా చూశాడు. జాలి కలగదా? కలగాలి. కానీ ఆ ఇంట్లో ఆ చారు తాగింది అతనొక్కడే కాదు. అతని పెదనాన్న బిడ్డో, చిన్నాన్న బిడ్డో, టిగ్రిస్ అనే పిల్ల కూడా అదే తాగింది. ఆమె మనసు మొద్దుబారలేదు. 2010 నాటి ‘మాకింగ్‌జే’లో స్నో సైనికుల నుంచి పారిపోతున్న ‘హంగర్ గేమ్స్’ కథానాయిక కాట్నిస్‌ను తన దుకాణంలో దాచింది టిగ్రిస్ అనే ముసలామే.

ఇక సెజానస్ సంగతి. స్నోను స్నేహితుడని నమ్మిన కుర్రాడు. అతని తిరుగుబాటు మాటల్ని, విన్నది విన్నట్టు పలికే పక్షి ద్వారా రికార్డు చేసి అధికారులకు పంపిస్తాడు స్నో. సెజానస్‌ను ఉరితీస్తారు. ఆ రోజుకు స్నో సైన్యంలో ఉన్నాడు. మూడు పూటలా తిండి దొరుకుతోంది. అంటే ఘోరాల్లోకెల్లా ఘోరం చేసినప్పుడు అతను ఆకలితో లేడు. తర్వాత ఆ చచ్చిపోయిన స్నేహితుడి తల్లిదండ్రుల సొమ్ముకే వారసుడై కూర్చున్నాడు. ఈ పుటలు చదివి కూడా పరిస్థితుల మీద నెపం వేసేవాళ్లు, స్నోను సమర్థించారని రచయిత్రి మీద విరుచుకుపడేవాళ్లు ఏ పుస్తకం చదివారో నాకు అర్థం కాదు.

ప్రతినాయకుడి పుట్టుక చెప్పే కథల్లో కొన్ని నిజంగానే హంతకుడికి హారతి పడతాయి, కాదనను. బాల్యంలో ఒక దెబ్బ చూపించి, మిగిలిన హత్యలన్నిటికీ ఈలలు కొట్టించే సినిమాలు మనకు కొత్త కాదు. వాటి తప్పు పుట్టుక చెప్పడంలో లేదు, సగమే చెప్పడంలో ఉంది. పక్కనే అదే దెబ్బ తిని వేరే దారి పట్టిన మనిషిని వాటిలో చూపించరు. టిగ్రిస్ లేని స్నో కథ, మెతుకు పెట్టిన అన్నదమ్ములు లేని శకుని కథ మాత్రమే ప్రమాదకరం.

మన సైన్స్ ఫిక్షన్‌కూ కావలసింది ఈ పూర్తి కథే. 2024 జూన్‌లో వచ్చిన ‘కల్కి 2898 ఏడీ’ సినిమాలో సుప్రీం యాస్కిన్ తయారైపోయిన నియంతగానే మన ముందుకొచ్చాడు. కాశీ ఎడారిగా మారి, జనం నీళ్లకూ గాలికీ అల్లాడుతుంటే పైన కాంప్లెక్స్ వెలిగిపోతోంది. అలాంటి లోకాన్ని ఎవరు కట్టారు, కడుతున్నప్పుడు ఎవరెవరు సంతకాలు చేశారు, ఎవరు కాదన్నారు? ఆ సంగతులు చెప్పే నవల తెలుగులో ఎవరైనా రాస్తే, రాక్షసుడికి జీవితచరిత్ర ఎందుకని ముందే ఈసడించుకునే పాఠకుల్ని చూసి రచయిత జంకకూడదు.

అసలు కోపం రావలసింది ఇక్కడ. దుర్మార్గుడు పుట్టుకతోనే దుర్మార్గుడని నమ్మడం మనకు చాలా హాయినిస్తుంది. అప్పుడు వాడికీ మనకూ సంబంధం ఉండదు. పరిస్థితులే చేశాయని నమ్మడం అంతకంటే హాయి. అప్పుడు ఎవరికీ బాధ్యత ఉండదు. పుట్టుక చెప్పొద్దనే పాఠకుడూ, పుట్టుక విని క్షమించేసే పాఠకుడూ తప్పించుకుంటున్నది ఒకే ప్రశ్న: ఆ స్థితిలో నువ్వుంటే ఏం చేసేవాడివి? ఈ ప్రశ్న అడిగినందుకు కాలిన్స్‌ను తిట్టడం పిరికితనం. పిల్లలకు ఈ నవల ఇవ్వండి. చదివాక వాళ్లను స్నో మంచివాడా చెడ్డవాడా అని అడక్కండి. అతను ఏ రోజు, ఏ గంటలో, ఎవరిని అమ్ముకున్నాడో వేలు పెట్టి చూపించమనండి. అది చూపించగలిగిన పిల్ల రేపు ఏ నియంతకూ చప్పట్లు కొట్టదు. అది చూపించలేని పెద్దలు ఈ నవల మీద తీర్పు చెప్పడం ఇకనైనా మానాలి.