నొప్పికి వైద్యుని ఎన్నుకొనే ముందు

నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి అనగానే "మంచి సూది ఎవరు వేస్తారు?" అని విచారించడం మన వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో అలవాటైపోయింది. నొప్పికి మూలమేదో చూసేవారెవరు అని ముందుగా అడగవలెనని నా అభిప్రాయం.

గురుకులంలో మాకు రోగకారణ నిర్ణయం, అనగా నిదానం, తెలియనిదే ఔషధం ముట్టనిచ్చేవారు కారు. చరక సంహిత వైద్యునికి శాస్త్రజ్ఞానం, పలుమార్లు చికిత్సను చూసిన అనుభవం, నేర్పు, శుచిత్వం అనే నాలుగు గుణాలు చెప్పింది. నేటి పెయిన్ క్లినిక్కులకు కూడా ఈ కొలత సరిపోతుంది. ఆధునిక వైద్యంలో సాధారణంగా మత్తు వైద్యంలో ఎం.డి. చేసినవారు, ఆపైన నొప్పి చికిత్సలో ప్రత్యేక శిక్షణ పొంది ఈ వృత్తి చేస్తారు. బోర్డు మీది అక్షరాలతో తృప్తిపడక, చదువేమిటో, వైద్య మండలి రిజిస్ట్రేషను సంఖ్య ఏమిటో అడగండి. నావంటి ఆయుర్వేద వైద్యుణ్ణి కూడా అడగండి. అడిగినందుకు కోపగించేవారి వద్ద కూర్చోనవసరం లేదు.

తాండూరు నాపరాళ్ల గనులలో బండలెత్తేవారి నడుము నొప్పి వేరు, రోజంతా కుర్చీలో కూర్చొనే గుమాస్తా నొప్పి వేరు. పిరుదు నుండి పిక్క వరకు లాగే గృధ్రసి వేరు, ఉదయం బిగుసుకొని కదిలినకొద్దీ సడలే నొప్పి వేరు. మనవారు మాత్రం 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పునే, పాపం, ప్రతి నొప్పికీ దోషిని చేస్తారు. ఎత్తిన బరువు సంగతి చెప్పరు. వైద్యుడే అడిగి రాబట్టాలి.

అనంతగిరిపై క్షయ రోగులకు శానిటోరియం వెలసిన నేల మనది. క్షయ వెన్నెముకకూ సోకుతుందని ఎందరికి తెలుసు? సాయంకాలపు జ్వరం, చిక్కిపోవడం, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉన్నవా అని అడగకనే సూది తీసే వైద్యుడు ఎంత పేరున్నవాడైనా ఆ పనికి తగడు. మూత్రం బిగిసినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, కాలు పట్టు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి చేరవలెను. అప్పుడు తైలమర్దనతో కాలయాపన తగదు.

పేరు లేని పొట్లాల సంగతి మరీ బాధాకరం. ఏండ్ల నాటి నొప్పి రెండు రోజులలో మాయమైతే అందులో స్టెరాయిడ్ కలిసి ఉన్నదేమోనని అనుమానించండి. వాడగా వాడగా ముఖం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారుతాయి. దీనిని ఆయుర్వేదమని అమ్మడం మా శాస్త్రానికి తలవంపు. అయితే నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానరాదు, ప్రాణాపాయం కలుగవచ్చు. వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా తగ్గించుకోవలెను. డైక్లోఫెనాక్ వంటి బిళ్లలు సొంతంగా దీర్ఘకాలం మింగినా మూత్రపిండాలకు, జీర్ణాశయానికి హాని.

కాన్సర్ నొప్పి విషయం వేరు. మార్ఫిన్ అనగానే అలవాటు పడతారని ఇంటివారు వెనుకాడతారు. తగిన వైద్యుని చేతిలో అది కరుణ గల ఔషధం. దాని లభ్యతను సులభతరం చేయడానికే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని 2014లో సవరించారు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రిలో ఇందుకు ఉపశమన చికిత్సా విభాగం ఉన్నది.

ఏ వైద్యుని వద్దకు వెళ్లినా పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు, ఆ పొట్లాలు కూడా వెంట తీసుకువెళ్లండి. సూది వేయబోతే మందు పేరు చీటీపై వ్రాసి ఇమ్మనండి.