సంరక్షకత్వానికి సరిహద్దు

మన లేపాక్షి ప్రాంతపు కుటుంబాలకు రాష్ట్ర సరిహద్దు ఒక గీత మాత్రమే. పొలం ఇక్కడ, ఉద్యోగం బెంగుళూరులో, వియ్యంకులు గౌరీబిదనూరులో, వైద్యం నిమ్హాన్స్‌లో. కాని ఇంటి పెద్ద ఒకరు స్పృహ కోల్పోయిననాడు ఆ గీతయే గోడ అవుతుంది. వారి తరఫున సంతకం చేయవలసిన సంరక్షకుని, ఉర్దూలో వలీ అని మనం పిలిచే వ్యక్తిని, ఏ రాష్ట్రపు న్యాయస్థానం నియమించాలి?

మైనర్ల విషయంలో సమాధానం స్పష్టం. 1890 నాటి సంరక్షకుల చట్టం ప్రకారం మైనరు సాధారణంగా నివసించే చోటి జిల్లా న్యాయస్థానమే అతని సంరక్షణను విచారిస్తుంది. పద్దెనిమిదేండ్లు నిండినవారికి అట్టి ఏకమార్గం లేదు. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, బుద్ధిమాంద్యం వంటి స్థితులకు 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద స్థానిక సంఘాలున్నవి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పరిమిత సంరక్షకత్వాన్ని ఏర్పరచింది. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టం ఆస్తి నిర్వాహకుని నియమించే అధికారాన్ని జిల్లా న్యాయస్థానానికి ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం వైద్యానికి ప్రతినిధిని ఇచ్చినదే కాని ఆస్తి నిర్వహణకు ఏర్పాటు చేయలేదు. కోమాలో ఉన్నవారికి ప్రత్యేక శాసనమే లేదు. వారి బంధువులు హైకోర్టులను ఆశ్రయిస్తున్నారు. కేరళ హైకోర్టు 2019లో ఇందుకు మార్గదర్శకాలు రూపొందించింది.

ఒక తల్లిని ఊహించుకొందాము. ఆమె పొలం లేపాక్షిలో, నివాసం కుమారునితో బెంగుళూరులో, కుమార్తె హిందూపురంలో. తల్లి కోమాలోనికి వెళ్ళగా కుమారుడు కర్ణాటక హైకోర్టుకు, కుమార్తె ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్ళవచ్చును. వ్యాజ్య కారణంలో కొంత భాగం తన పరిధిలో ఏర్పడినా రాజ్యాంగపు 226వ అధికరణం హైకోర్టుకు అధికారమిస్తుంది కనుక ఇద్దరికీ వాదన ఉంటుంది. సివిల్ న్యాయస్థానాల తుది ఉత్తర్వులు దేశమంతటా అమలగుటకు 261వ అధికరణం ఉన్నది. కాబట్టి అసలు చిక్కు తీర్పు చెల్లుబాటులో కన్న, ఎవరు విచారించాలన్న ప్రశ్నలోనే ఉన్నది. ముందుగా పరుగెత్తినవారికి లాభం. మంచం మీది తల్లి మేలు వెనుకబడుతుంది.

అమెరికాలో 2007లో రూపొందిన ఒక నమూనా శాసనాన్ని అక్కడి అత్యధిక రాష్ట్రాలు స్వీకరించాయి. దరఖాస్తుకు ముందు ఆ వ్యక్తి వరుసగా ఆరు నెలలు ఉన్న రాష్ట్రానిదే అందులో ప్రథమాధికారం. మన పార్లమెంటు కూడా నివాసాన్నే కొలబద్దగా తీసుకొని, ఆ చోటి జిల్లా న్యాయస్థానానికే అధికారమివ్వాలని మా అభిప్రాయం. వ్యాజ్యం కొరకు రోగిని సరిహద్దు దాటించినంత మాత్రాన అధికారం మారరాదు. అత్యవసర చికిత్సకు మాత్రం రోగి ఉన్న చోటనే తాత్కాలిక ఉత్తర్వు లభించాలి.

కొంతకాలం అక్కడ, కొంతకాలం ఇక్కడ ఉండేవారి నివాసాన్ని తేల్చుట ఎట్లని కొందరు అడుగవచ్చును. ఓటు, రేషను కార్డు, వారి వ్యవహారాలు చూచి తేల్చుట న్యాయమూర్తికి అసాధ్యం కాదు. హైకోర్టులే దిక్కైతే లేపాక్షి రైతుకు అమరావతి బెంగుళూరు కన్న ఎంతో దూరం. జిల్లా న్యాయస్థానాన్ని మేము కోరుటకు అదియే కారణం.

విద్యార్థి మిత్రులారా, పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే చాలునని మన ఇండ్లలో అనుకొంటారు. ఇచ్చినవారు మతి కోల్పోతే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఆ అధికారం అంతరిస్తుంది. ఈ సంగతి పెద్దలకు వివరించి, వారు ఆరోగ్యంగా ఉండగానే వారి ఇష్టాన్ని అడిగి తెలిసికొనుట మన ధర్మం. శాసనం వచ్చేదాకా ఆ మాటయే వారికి రక్ష.