పరీక్ష రాసిపెట్టేవాళ్లు కావాలి

సెలవు రోజున ఏదైనా సేవ చేద్దామనుకునే యువతకు వెంటనే తోచేవి అన్నదానం, రక్తదానం, మొక్కలు నాటడం. మంచివే. కానీ అంతే అవసరమైనా ఎక్కువ మందికి తట్టనిది మరొకటుంది: చూపులేని విద్యార్థికి పరీక్షలో స్క్రైబ్‌గా కూర్చోవడం. బ్రెయిలీ చదివి, ఆడియో పాఠాలు విని ఏడాదంతా సిద్ధమైన విద్యార్థి చివరికి రాసిపెట్టే మనిషి దొరక్క దిగులుపడటం ఎంత అన్యాయం! 2018లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇచ్చాయి. అభ్యర్థి తెచ్చుకునే స్క్రైబ్ చదువు మాత్రం ఒక మెట్టు తక్కువ ఉండాలన్నాయి. అంటే ఇంటర్ విద్యార్థికి పదో తరగతి వాళ్లు కావాలి. మార్చి వచ్చిందంటే వాళ్లకూ పరీక్షలే. కొరత మొదలయ్యేది అక్కడే. మూడు గంటల పేపరు నాలుగు గంటలవుతుంది. అంతసేపూ ప్రశ్న స్పష్టంగా చదవాలి, చెప్పింది చెప్పినట్టే రాయాలి, సొంత తెలివి ఒక్క అక్షరం కలపకూడదు. మాటిచ్చి ఆఖరి నిమిషంలో ఎగ్గొడితే అవతలి మనిషికి ఏడాది పోవచ్చు. అది చిన్న తప్పు కాదు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏటా 120 గంటలు సేవ చేయాలి కదా, కళాశాలలు ఈ నాలుగు గంటలనూ అందులో లెక్కించాలి. చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఒక విన్నపం: దగ్గర్లో అంధుల కోసం పనిచేసే సంస్థకు వెళ్లి పేరు, చదువు, రాయగలిగిన భాషలు, ఖాళీగా ఉండే తేదీలు ఇప్పుడే ఇచ్చి రండి.