మన్యం జ్వరం మళ్ళీ ఎందుకు పెరుగుతోంది?

కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల పల్లెల్లో వానాకాలం వచ్చిందంటే బడి హాజరు పట్టీలో ఖాళీ గడులు పెరుగుతాయి. కారణం అడిగితే పిల్లలు చెప్పే మాట ఒక్కటే, ‘చలిజ్వరం, మాస్టారూ’. నడుమ కొన్నేళ్ళు ఆ మాట అరుదుగా వినిపించింది. ఇప్పుడు మళ్ళీ వినవస్తున్నది.

ఒడిశాలో 2016లో సుమారు 4.4 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. 2018 నాటికి అవి 66 వేలకు, 2022లో 24 వేల లోపుకు దిగాయి. ఇంతటి తగ్గుదల ఆకస్మికం కాదు. 2017లో ఆరంభమైన ‘దమన్’ పథకం కింద, జ్వరం ఉన్నా లేకున్నా మారుమూల పల్లెల్లోని వారందరికీ రక్తపరీక్ష చేశారు. పరాన్నజీవి కొందరి రక్తంలో ఏ బాధా కలిగించక దాగి ఉంటుంది. దోమ వారిని కుట్టి, పిమ్మట పొరుగువారిని కుడుతుంది. జ్వరపీడితులకు మాత్రమే మందిస్తే ఈ గొలుసు తెగదు. మందుపూత గల దోమతెరల పంపిణీ కూడా అప్పుడే ముమ్మరమైంది. (ఆ తెరలతో చేపలు పట్టేవారు నేటికీ ఉన్నారు, అది వేరే సంగతి.)

అయితే 2023లో కేసులు 40 వేలు, 2024లో 60 వేలు దాటాయి. పరీక్షలు పెరిగితే లెక్క పెరుగుతుందనే వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ చరిత్ర ఎరిగినవారు అంతటితో తృప్తి చెందజాలరు. 1947లో దేశంలో ఏటా ఏడున్నర కోట్ల మంది మలేరియా బారినపడగా, ఎనిమిది లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో మొదలైన డి.డి.టి. పిచికారీతో 1965 నాటికి కేసులు లక్షకు తగ్గాయి. శత్రువు ఓడిపోయాడని భావించి పట్టు సడలించగా, దోమలు మందుకు అలవాటుపడగా, 1976లో 64 లక్షల కేసులు వచ్చాయి. నేడు దేశం 2030 నాటికి నిర్మూలనను లక్ష్యంగా పెట్టుకున్నది. గడువు దగ్గరపడినప్పుడే ఈ పాఠం గుర్తుకు రావాలి.

మన సరిహద్దుకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉన్నది. సంతకూ, పెళ్ళికీ, కూలికీ మనం పార్వతీపురం వైపు వెళ్ళి వస్తుంటాం. ఈ ఊళ్ళో సోకిన జ్వరం ఆ ఊళ్ళో బయటపడుతుంది. చీటీ అక్కడే ఉండిపోతుంది, ఇక్కడి ఆశా కార్యకర్తకు కబురే అందదు. రోగి ఇంటి చుట్టుపక్కల వారికి చేయవలసిన పరీక్షలు జరగవు. దోమకు రాష్ట్రం ఎల్లలు తెలియవు, రికార్డులకు మాత్రం తెలుసు!

మన ప్రాంతంలో ఎక్కువగా కనబడే ఫాల్సిపరం రకం మెదడుకు సోకితే ప్రాణాపాయం, గర్భిణులకూ పసివారికీ మరింత ప్రమాదం. వైవాక్స్ రకం కాలేయంలో దాగి నెలల తరువాత తిరగబెడుతుంది. దానికి ఇచ్చే పద్నాలుగు రోజుల మాత్రలను జ్వరం తగ్గగానే నాలుగో రోజున మానేసేవారే అధికం. పొరుగు రాష్ట్రంలో పరీక్ష చేయించుకున్నవారు ఆ చీటీని ఇంటికి తెచ్చి మన ఊరి ఆశా కార్యకర్తకు చూపితే, చుట్టుపక్కల ఇళ్ళ పరీక్ష ఆ వారంలోనే మొదలుపెట్టవచ్చును.